వ్రాతకు వేళ యేది?



"తెల్లవాఱుజామున నొక గంట ముందుగా లేవుడు; ఆ గంట మీది" అని వ్రాయగోరు స్త్రీకి హితవు చెప్పువారు మనలో బెక్కండ్రు కలరు. బ్రాహ్మీముహూర్తమున బుద్ధి నిర్మలముగా నుండునని పెద్దలు చెప్పియున్నారు గనుక నామాటను నేను త్రోసివేయను. కాని యాహితవు చెప్పువారిలో నొక్కరైనను "అమ్మా, నీవు రాత్రి యెన్నింటికి బరుండితివి?" అని యడుగగా నేను వినలేదు. పదునొకండు గంటలకు అంట్లు కడిగి, మఱునాటికి శనగలు నానబోసి, పిల్లవాని బడిసంచి సర్ది పరుండిన స్త్రీ నాలుగింటికి లేచి కలము పట్టినచో నామె కలము కదలదు, తల మాత్రము కునికిపాటులతో గదలును. నిద్రలోనుండి కోసి తెచ్చిన గంట వ్రాతకు జేరదు. అది పగటివేళ చిరాకుగా మాఱి పిల్లల వీపులమీద దేలును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల సోదరీమణులు నాకు వ్రాయు నుత్తరములలో నీప్రశ్న మాటిమాటికి వచ్చుచున్నది. పెండ్లికి ముందు పద్యమో కథయో వ్రాసెడివారమనియు, ఇప్పుడు సంసారములో బడి దానిని విడిచితిమనియు, మరల బట్టుటకు వేళ చిక్కుట లేదనియు వారి మొఱ. మొఱలన్నియు నొక్క తీరుననే యున్నను ఇండ్లు మాత్రమొక్క తీరున లేవు. కావున నందఱికి నొక్కటే మందు చెప్పుట నాకు దగదు. నాకు దోచిన నాలుగు సంగతులను వ్రాసెదను, పనికివచ్చినవానిని గైకొనుడు.

మొదట లెక్క చూతము. భారత ప్రభుత్వమువారు ప్రజలు దినమును దేనిదేనికి వినియోగించుచున్నారో 2019లో నొకసారియు, 2024లో నొకసారియు ఇల్లిల్లు తిరిగి లెక్క గట్టిరి. ఆఱేండ్లును ఆపైని వయస్సును గలవారిలో, కూలి లేని యింటిపనులలో బాల్గొనువారి సగటు నిట్లు తేల్చిరి: 2019లో స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునకు 97. 2024లో స్త్రీకి 289, పురుషునకు 88. ఐదేండ్లలో మన పని పది నిమిషములు తగ్గినదని సంతోషింపబోవునంతలో వారి పనియు దొమ్మిది నిమిషములు తగ్గినదని కనబడుచున్నది! తగ్గినది మిక్సీ పుణ్యమో, గ్యాసుపొయ్యి పుణ్యమో కావలెను గాని పంపకము మాఱుటచేత మాత్రము కాదు. పిల్లలను, ముసలివారిని, రోగులను జూచుకొను కాలమీలెక్కలో జేరలేదు, అది వేఱు.

ఈలెక్కను మా యింటి పంతులుగారికి జూపితిని. వారు లెక్కల యుపాధ్యాయులు. "289 నిమిషములనగా ఐదు గంటలకును దక్కువయే గదా. నిద్రకెనిమిది తీసివేసినను ఇంకను బదునొకండు గంటలు మిగులుచున్నవి" అనిరి. కూడిక సరిగానే యున్నది. కాని యాఐదు గంటలు రైలుబండివలె నొకచోట బయలుదేఱి యొకచోట నిలుచునవి కావు. అవి దినమంతటను బియ్యములో రాళ్లవలె జల్లబడియుండును. పాలు పొంగువఱకు బది నిమిషములు, నల్లా వచ్చువఱకు బదునైదు, కుక్కరు మూడు కూతలు పెట్టువఱకు బండ్రెండు, బడిబస్సు వచ్చువఱకు నిరువది. మనకు లేనిది కాలము కాదు, అతుకు లేని కాలము. వ్రాయుటకు గూర్చున్నవారికి మొదటి పావుగంట విడిచినచోటు వెదకికొనుటకే చాలును. చోటు దొరకినంతనే కుక్కరు కూయును. ఈబాధ పురుషులకు దెలియదనను గాని, వారిని గుక్కరు పిలువదు.

మన ప్రాచీనుల కథలు చూడుడు. వ్యాసులవారు భారతము చెప్పగా విఘ్నేశ్వరుడే లేఖకుడై కూర్చుండెను. తిక్కనసోమయాజిగారికి గురునాథుడు వ్రాసిపెట్టెనని చెప్పుదురు. మా కరీంనగరము కళాశాలకు గొంతకాలము అధ్యక్షులుగా నుండిన విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలను దమ్ముడు వ్రాయుచుండగా నెలదినములలోపల జెప్పి ముగించిరని ప్రసిద్ధి. బమ్మెర పోతనామాత్యుడు హలము పట్టి సేద్యము చేసికొనుచు భాగవతము చెప్పెనని మన మందఱము పిల్లలకు జెప్పుచున్నాము. ఆయింట పొయ్యి యెవరు రాజవేసిరో ఆకథ చెప్పదు. మొల్లకు లేఖకుడెవడైన నుండెనని కూడ నేనెచ్చటను వినలేదు. ఇది ఆమహాకవులయెడ గౌరవలోపముచేత నన్నమాట కాదు. వారి గ్రంథములే నాకు బడి. మా తండ్రిగారు పంచలో గూర్చుండబెట్టి చెప్పిన ఆపద్యములే నేనెఱిగిన చదువు. కాని గ్రంథము పుట్టుటకు బ్రతిభతోపాటు ఇంకొకరి చేతులు కూడ నవసరమని ఆకథలే సాక్ష్యమిచ్చుచున్నవి.

కవయిత్రుల చరిత్రమునందు ఇంకొక విశేషము కలదు. పూర్వకాలమున బేరు నిలిచినవారెవరో యెంచుడు. మొల్ల సంసారము చేసినట్లు కథలు చెప్పవు. తరిగొండ వెంగమాంబ బాలవితంతువు. లోకమును విడిచి తిరుమల కొండమీద గాలము గడపిన భక్తురాలు. రంగాజమ్మ తంజావూరు విజయరాఘవనాయకుని యాస్థానకవయిత్రి; ముద్దుపళని యాతంజావూరిలోనే తర్వాతి కాలమున బ్రతాపసింహుని కొలువున నుండినది. వీరిలో నత్తమామలు, ఆడుబిడ్డలు, నలుగురు పిల్లలు గల గృహిణి యొక్కతెయు గానరాదు. గృహిణులకు గవితాశక్తి లేకపోయెనా? లేకయేమి! అది రోకటిపాటయై, తిరుగటిపాటయై, నాటుపాటయై, బతుకమ్మపాటయై వెలువడినది. పాటకు బేరుండదు గనుక పాడినవారికిని బేరు లేకపోయినది.

మఱి యింటిలో నుండియే కలము పట్టిన స్త్రీలెప్పుడు కనబడిరి? మాసపత్రికలు వచ్చిన పిమ్మట. 1902లో హిందూసుందరి వెలువడినది. ఆయేటనే భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' యనుకథ యందు బ్రకటింపబడెను. గురజాడవారి 'దిద్దుబాటు' 1910 నాటిదని చదువరు లెఱుగుదురు; దానికెనిమిదేండ్ల ముందటిదీకథ. అచ్చమాంబగారు 1874లో నందిగామలో బుట్టి, చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, బాల్యముననే వివాహితయై, భర్త యుద్యోగమును బట్టి తెలుగువారు తక్కువగా నుండు సీమలకు బోయిరి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా దామును గూర్చుండి నేర్చుకొనిరి. తెలుగు, హిందీలతో నాగక మరాఠీ, వంగభాషలు గూడ నేర్చిరి. కడుపున బుట్టిన బిడ్డలిద్దఱును గతించిరి. ఆదుఃఖములోనే స్త్రీల చరిత్రములను గూర్చి 1901లో అబలాసచ్చరిత్రరత్నమాలను వెలువరించిరి. 1905లో, ముప్పదియొక్కటవయేట, బిలాసపురమున బ్లేగు రోగులకు బరిచర్య చేయుచు దామును గాలధర్మము నొందిరి. ఆమెకు దీరిక యుండెనని యెవరనగలరు?

పత్రికవలన నేమి మేలు కలిగినదనగా, గ్రంథమంత పెద్దదిగాక నాలుగు పుటలకు సరిపోవు వ్రాత కొక చోటు దొరకెను. నెలకొక గడువు దొరకెను. గడువన్నది గృహిణికి వరమని నాయభిప్రాయము. "తీరికైనప్పుడు వ్రాసెద" ననుకొనిన వ్రాత యెన్నటికిని బుట్టదు. "పదునైదవ తేదీలోగా బంపవలె" ననుకొనినది యెట్లో పుట్టును. ఉగాదికి బచ్చడి చేయకుండ నెవరైన మానితిరా? తేదీ యున్నది గనుక.

కనుపర్తి వరలక్ష్మమ్మగారి దారి నాకు మఱింత యుక్తముగా దోచును. మదరాసున డాక్టరు కేసరిగారు 1928లో స్థాపించిన గృహలక్ష్మియందు ఆమె 'శారదలేఖలు' వ్రాసిరి. శారదయను నామె కల్పలతయను స్నేహితురాలికి వ్రాయు జాబులవి. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణమును మొట్టమొదట నందుకొనిన దామెయే. జాబు రూపము నేల యెన్నుకొనిరో వారు చెప్పగా నేను వినలేదు గాని, నలుగురు గల యింట వ్రాయువారికి నంతకంటె ననువైన రూపము లేదు. జాబును నడుమ నాపవచ్చును. "నిన్న నింతవఱకు వ్రాసి లేచితిని, చుట్టములు వచ్చిరి" అని మరల దొడగవచ్చును. ఆయాటంకమే జాబులో నొక ముచ్చట యగును. కథలో నట్లు చేసిన గథ చెడును. మొదలుపెట్టలేకపోవుచున్న సోదరీమణులు దయచేసి నవలతో మొదలుపెట్టకుడు. ఒక స్నేహితురాలిని మనస్సులో నిలుపుకొని జాబు వ్రాయుడు.

వంగదేశపు రాససుందరీదేవి కథ యింకను విచిత్రము. పండ్రెండవయేట కాపురమునకు వచ్చి, పన్నిద్దఱు బిడ్డలను గన్న తల్లి యామె. స్త్రీ చదువుట దోషమని యెంచు కాలము. చైతన్యభాగవతమునుండి యొక పత్రమును దీసికొని వంటయింట దాచి, పెద్దకుమారుడు దిద్దిన తాటాకు వ్రాతతో నక్షర మక్షరము సరిచూచుకొనుచు దనంత దానే చదువ నేర్చెను. ఆమె వ్రాసిన స్వీయచరిత్రము 'ఆమార్ జీబన్' 1876లో వెలువడినది. వంగభాషలో స్వీయచరిత్రము వ్రాసినవారిలో నామెయే మొదటిదందురు. ఈకథ చెప్పి "ఆమె చేయగా మన కేమి?" అని మిమ్ము నదలించుట నాయుద్దేశము కాదు. పన్నిద్దఱు బిడ్డల తల్లి దొంగతనముగా జదువవలసి వచ్చుట గొప్పకథ గాని మంచిరోజులు కావు.

మా సీమకు వత్తము. నిజాము రాజ్యమున దెలుగు బడులే యరుదు. ఇక నాడుపిల్లల చదువు మాట చెప్పనేల? ఈరాజ్యమున దెలుగు కవులే లేరన్న మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండకవుల సంచికయందు 354 గురు కవులను జూపి సమాధానము చెప్పిరి. ఆమఱుసటి సంవత్సరము, 1935లో, మన సిరిసిల్లలో నాలుగవ ఆంధ్రమహాసభ మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతన జరిగినది. దానితోపాటు జరిగిన ఆంధ్రమహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. సిరిసిల్ల యనగానే సాంచాలు, బట్ట, ఈమధ్య బతుకమ్మ చీరలు తలపునకు వచ్చును గాని, తొంబదియేండ్ల నాడు స్త్రీలు సభ చేసికొని విద్యనుగూర్చి చర్చించుకొనిన యూరది యని మా పిల్లలకు దెలియదు. అచటి హన్మాజీపేటలో 1931లో బుట్టి, ఉర్దూ మాధ్యమమున జదివి, 1988లో జ్ఞానపీఠమునందుకొనిన సినారెగారిని మాత్రమందఱు నెఱుగుదురు.

ఇప్పుడు మా పెద్దమ్మగారి సంగతి చెప్పెదను. ఆమెది సిరిసిల్ల. పగలంతయు గండెలు చుట్టెడిది. చదువు రాదు, చేవ్రాలు కూడ రాదు, వ్రేలిముద్రయే. కాని యెంగిలిపూల నాడు మొదలుకొని సద్దుల వఱకు తొమ్మిది దినములును ఆవాడలో బాట యెత్తవలసినదామెయే. పాతపాటలు పాడి యూరకుండెడిది కాదు. ఆయేడు జరిగిన దానిని గట్టెడిది. సాంచాలు నిలిచిపోయిన యేటి పాట యొకటి; చెఱువు నిండి కట్ట తెగునేమో యని యూరంతయు రాత్రియెల్ల మేలుకొనిన యేటి పాట యొకటి; దుబాయి నుండి పెట్టెలో వచ్చిన పొరుగింటి కుఱ్ఱవానిమీద నొకటి, దానిని బాడునపుడు చప్పట్లు కొట్టువారు లేకపోయిరి. "ఎప్పుడు కట్టితివి పెద్దమ్మా?" అని నే నడిగితే "రాట్నం తిరుగుతుంటె అదే వచ్చె బిడ్డా, నేనేం కట్టిన?" అనెడిది. ఆమె పోయి తొమ్మిదేండ్లాయెను. నాపుస్తకములో రెండు పాటలున్నవి. ఎన్ని యుండెనో లెక్క తెలిసినవారు లేరు.

ఆమె మాటలో నొక సత్యమున్నదని నేను దలంతును. రాట్నము, తిరుగలి, రోకలి చేతికి బని యిచ్చి మనస్సును విడిచిపెట్టెడివి. పైగా నొక లయ నిచ్చెడివి. మిక్సీ యట్లు కాదు. దానిముందు బాట నిలువదు, మాటయే వినబడదు. (రోలు పోయినదని నేను విలపించుచున్నాననుకొనకుడు. రుబ్బినవారెవరును విలపింపరు, రుబ్బనివారే రోటినిగూర్చి కవితలు వ్రాయుదురు.) అయినను చేతులు పనిలో నుండి మనస్సు ఖాళీగా నుండు వేళలు మనకింకను మిగిలియున్నవి: కూర తరుగుట, బట్టలు మడుచుట, చిక్కుడు ఈనెలు తీయుట, బియ్యము చెఱుగుట.

అట్టి వేళలకు బద్యము తగినది. ఛందస్సనగా నేటివారు సంకెల యనుకొందురు, నాకది పిడి. తేటగీతిని జూడుడు. పాదమున కొక సూర్యగణము, రెండింద్రగణములు, మరల రెండు సూర్యగణములు, నాలుగవ గణము మొదట యతి, ప్రాసనియమము లేదు. ఇంతియే. ఒక మాట జాఱిపోయిన యెడల గణము తప్పి తెలిసిపోవును. యతిస్థానము జాఱిన మాటను వెదకి తెచ్చి యిచ్చును. వంటయింట గట్టిన పాదము సాయంకాలమువఱకు జెడక నిలుచుటకు గారణమిదియే. ఉదయము నొక పాదము, మధ్యాహ్నము నొక పాదము. రెండు దినములకు నాలుగు పాదముల పద్యము పూర్తియగును. కాగితము మీద బెట్టుటకు మూడు నిమిషములు చాలును. వచనమట్లు నిలువదు. మంచి వాక్యమొకటి పొయ్యియొద్ద దోచి, చేయి కడుగుకొని వచ్చునప్పటికి దాని ప్రాణము పోవుచున్నది. కావున వచనమునకు గూర్చుండువేళను, పద్యమునకు నిలుచుండువేళను నేను విడదీసికొంటిని. ఛందస్సు రానివారు దిగులుపడనక్కఱలేదు; బతుకమ్మపాట నడక మన చేతులకే తెలియును.

పద్యము వలదు, చిన్న కవిత చాలునన్నను మన యూరిలోనే గురువున్నాడు. జగిత్యాలలో 1954లో బుట్టిన అలిశెట్టి ప్రభాకరుగారు ఫొటో స్టూడియో నడిపికొనుచు, పేదఱికముతోను క్షయవ్యాధితోను బెనగులాడుచు, నాలుగైదు పంక్తుల కవితలతో నేండ్ల తరబడి పాఠకులను గదలించి, 1993లో గన్ను మూసిరి. చిన్నదిగా వ్రాయుట సులభమని కాదు. ఒక్క మాట యెక్కువైన నది చెడును. కాని దానిని జేతిలో బట్టుకొని తిరుగవచ్చును.

చేతిఫోనునుగూర్చి కొందఱడిగిరి. మాట చెప్పిన నక్షరములు వేయునట్టి యేర్పాటిప్పుడు తెలుగునకును వచ్చినది. పిండి చేతులతో నుండగా నాకది రెండుమాఱులు ఉపకరించినది. 'ళ'కు 'ల', 'ణ'కు 'న' వేయును, పిదప దిద్దుకొనవలెను. అంతకంటె బెద్దముప్పు వేఱొకటి. వాక్యము దాచుకొనుటకు దానిని దెఱచిన చేయి దానిని వెంటనే మూయదు. ఎవరి పెండ్లి ఫొటోలో చూచి మూయునప్పటికి పప్పు మాడును, వాక్యమును మాడును.

ఇక నన్ను మిక్కిలి యాలోచింపజేసిన యుత్తరము కోరుట్ల నుండి వచ్చినది. ఆసోదరి బీడీలు చుట్టును. పదవతరగతి వఱకు జదివినది. రెండు కథలు వ్రాసి యుంచినది. మూడవదానికి వేళ చిక్కలేదట. ఆమె వాక్యమొకటి యిట్లున్నది: "మీరు గంట అంటున్నరు అమ్మా, నాకు గంటంటె నాలుగు కట్టలు." ఈమాట చదివిన పిమ్మట ఆదినమంతయు నాకు వేఱొకటి తోచలేదు. నెలజీతము వచ్చు పంతులుగారి భార్యకు గంట యన నలసట. ఆమెకు గంట యనగా రూకలు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారము కట్టి, కట్టకిరువదియైదు చొప్పున బేర్చి అప్పగించిననాడే కూలి. అదియు వేయింటి లెక్కను. అట్టి సోదరికి "వేళ కల్పించుకొనుడు" అనుట యన్నము మానుమనుట. 1929లో వర్జీనియా ఉల్ఫ్ అను నాంగ్లరచయిత్రి, వ్రాయు స్త్రీకి దనకంటూ నొక గదియు సంవత్సరమునకు 500 పౌనుల రాబడియు గావలెనని వ్రాసెను. మనవారు గదిమాటనే తఱచుగా దలంతురు. ఆమె రాబడిని గూడ నడిగినదని మఱతురు.

అయితే యీసోదరికి నేమి చెప్పవలెను? క్యూబాదేశమున నొక యాచారము కలదు. హవానా నగరమున 1865లో, చుట్టలు చుట్టు కార్మికులు తమలో దాము చందా వేసికొని, తాము పనిచేయుచుండగా గ్రంథములను బత్రికలను బిగ్గఱగా జదివి వినిపించు చదువరినొకనిని నియమించుకొనిరి. అంత దూరమేల, మన కేరళములోనే కన్ననూరు ప్రాంతపు బీడీకార్మికులు ఆపద్ధతిని బాటించిరి. 1969లో స్థాపింపబడిన దినేశ్ బీడీ సహకారసంఘమునందు గూడ నది సాగెను. చదువుచున్నవారి చేయి చుట్టదు గదా. ఆవేళకు వారు చుట్టవలసిన బీడీలను దక్కినవారు తలా కొన్ని చుట్టి యిచ్చి వారి కూలి తగ్గకుండ జూచెడివారు.

దీనిని మన యరుగులమీదికి దెచ్చికొనలేమా? కోరుట్లలో స్త్రీలు ఇంటిముందు నలుగురైదుగురు చేరి చాటలు ముందిడుకొని చుట్టుట నేను జూచియున్నాను. పది గంటలకు వేయి చుట్టు చేతికి గంటకు నూఱు. నూఱనగా నాలుగు కట్టలు. ఆసోదరి లెక్క యదియే. అరుగు మీద నైదుగురున్నచో నలుగురు తలా యొక కట్ట యిచ్చిన జాలును, ఐదవ యామెకొక గంట చేతికి వచ్చును. వారమున కొకరి వంతు. ఒకతె వ్రాయును, ఒకతె తన వంతున బిల్లవానికి గణితము చెప్పుకొనును, ఒకతె నిద్రపోయిన బోవుగాక, ఆగంట యామెది. వ్రాసినదానిని మఱునాడు అరుగుమీదనే చదివి వినిపింపవలెను. ఆలకించువారు నలుగురు సిద్ధముగా నున్న రచయిత్రి పట్టణములలో గూడ నరుదు.

ఇది నాయూహ మాత్రమే. జరిగిన కథ కాదు. జరుపగలరో లేదో కోరుట్ల సోదరీమణులే చెప్పవలెను. కట్టలిచ్చుట కష్టమైన యెడల, చుట్టుచు జెప్పినదానిని ఇంటర్మీడియట్టు చదువు కూతురు వ్రాసిపెట్టవచ్చును. వ్యాసునకు విఘ్నేశ్వరుడు దొరికినపుడు తల్లికి బిడ్డ దొరకకుండునా?

పేదఱికము లేని యిండ్లలో అడ్డు వేఱు. చాట పట్టుకొనిన స్త్రీని ఎవరును బిలువరు, పని చేయుచున్నదందురు. కుట్టుమిషను ముందున్నదానిని బిలుచుటకు జంకుదురు. కాగితము ముందిడుకొని మౌనముగా జూచుచున్నదానిని మాత్రము "ఏం పిల్లా, ఖాళీగ కూసున్నవు, జర చాయ పెట్టరాదు?" అని వచ్చినవారెల్ల నడుగుదురు. వ్రాతలో సగము చూచుచు గూర్చుండుటయే యని వారికి దెలియదు. వారి తప్పు కాదు, మనము చెప్పలేదు. మా అత్తమ్మకు నేను వ్రాసినదానిని జదివి వినిపించుట మొదలుపెట్టితిని. మొదటి నెల కునుకుచు వినెను. రెండవ నెల "ఆ కోడలి కథ యేమాయె?" అని తానే యడిగెను. ఇప్పుడు నేను కాగితము తీసినంతనే పిల్లలను బెరటిలోనికి దోలుకొనిపోవును. కథలో దన పోలిక గల అత్త వచ్చునేమో యని కొంత జాగ్రత్తయు నందున్నది, ఉండనిండు.

కాగితములకు ఖర్చు పెట్టనక్కఱలేదు. బడిపిల్లల యింట నేడాది తుదను సగము మిగిలిన నోటుపుస్తకములు పెక్కులుండును. ఆమిగిలిన తావులను గుట్టుకొనుడు. పాలలెక్క, చాకలిలెక్క వ్రాయు పుస్తకమునకే వెనుకవైపునుండి కథ మొదలుపెట్టినను దోషము లేదు. కాని వ్రాసిన ప్రతిదాని క్రిందను మీపేరు, ఊరు, తేదీ వేయుడు. "ఎవరు చూచెదరులే" అనుకొనకుడు. మీ మనుమరాలు చూడవచ్చును. మా పెద్దమ్మకు పేరు వ్రాయరాదు, మనకు వచ్చును.

పెద్దమ్మ పాటలలో సాంచాలు నిలిచిన యేటిది పూర్తిగా తెలిసిన వృద్ధురాలొకామె కోరుట్లలో గూతురి యింట నున్నదని యీనడుమ విన్నాను. నాయొద్దనున్న ప్రతిలో నడుమ రెండు చరణములు లేవు. వచ్చు నాదివారము తొమ్మిదింటి బస్సున బోవుచున్నాను. ఆనాటి వంట మా యింటి పంతులుగారిది. పప్పు, చారు తమకు వచ్చునని వారే యొప్పుకొనిరి. మూడవదేమియు నడుగరాదని నిబంధన.